అంపైర్ లేని క్యారమ్ లీగులో ఫౌల్ ఎవరు చెప్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కర్నూలు సీ క్యాంపు వైపు రెండు అపార్ట్‌మెంట్లవారు కలిసి పన్నెండు జట్లతో ఆదివారం సాయంత్రాలు క్యారమ్ డబుల్స్ లీగ్ మొదలుపెట్టారు. మొదట్లో సరదాగానే సాగింది. తర్వాత ఒకరు బొటనవేలితో కొడుతున్నారని, ఇంకొకరి స్ట్రైకర్ (కాయిన్లను కొట్టే బిళ్ల) బరువెక్కువని, క్వీన్ అనే ఎర్రకాయిన్ కవర్ అయిందా, అంటే దాని వెంట సొంత కాయిన్ పడిందా లేదా అని మాటామాటా పెరిగింది. పోయిన ఆదివారం ఒక జట్టు ఆట మధ్యలో లేచి వెళ్లిపోయింది. ప్రతి బోర్డుకూ అంపైర్‌ను కూర్చోబెట్టేంత మంది మీ దగ్గర లేరు. నియమాలు ఎంత కఠినంగా పెట్టాలి, అసలు అంపైర్ లేకుండా ఇది నడుస్తుందా అని అడిగారు.

నడుస్తుంది. ఉద్యోగుల రిక్రియేషన్ క్లబ్బులో, తర్వాత మా కాలనీలో ఏళ్ల తరబడి ఇలాంటి లీగులు నడిపినవాడిని. మాకు అంపైర్ కనిపించేది ఫైనల్ రోజునే. దానికి కావలసినవి రెండు. తగవు వచ్చే నాలుగైదు విషయాలు ముందే కాగితం మీద ఉండాలి. ఫౌల్ జరిగితే దాన్ని మొదట చెప్పాల్సింది కొట్టినవారే. మొదటిది ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. రెండోది అలవాటు కావడానికి ఒక సీజన్ పడుతుంది, ఒక్కోసారి రెండు.

ఇంకొక మాట కూడా ఇప్పుడే చెప్పేస్తాను. లీగ్ నడిపే మీరు తీర్పు చెప్పే పనికి దిగకండి. మీరు కూడా ఒక జట్టులో ఆడుతున్నారని రాశారు కాబట్టి అసలే వద్దు. ఒక్కసారి పక్క బోర్డు దగ్గరికి వెళ్లి "ఇది కవర్ కాలేదు" అన్నారంటే ఆ రోజు నుంచి ప్రతి తగవూ మీ నెత్తిన పడుతుంది. ఓడినవారికి ఓటమి గుర్తుండదు, మీ మాట గుర్తుంటుంది.

ఇక కాగితం సంగతి. మన దగ్గర క్యారమ్ రానివారు ఉండరు, ఒకే రకంగా ఆడేవారూ ఉండరు. ఇంట్లో నేర్చుకున్నవారు తెల్లకాయిన్‌కు 20, నల్లదానికి 10, ఎర్రదానికి 50 లెక్క వేస్తారు. క్లబ్బులో నేర్చుకున్నవారు తెలుపు ఒకరిది, నలుపు ఒకరిది అంటారు. పాతబస్తీలో రంజాన్ రాత్రుల్లో బోర్డుల దగ్గర ఆడి చెయ్యి తిరిగినవారికి వాళ్ల పద్ధతులు వాళ్లకు ఉంటాయి. ఎవరూ మోసం చేయడం లేదు. ఎవరి నియమం వారికి పుట్టినప్పటి నుంచీ ఉన్న నియమం, అంతే. గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి.

లీగ్ అన్నాక అంతర్జాతీయ క్యారమ్ సమాఖ్య లెక్కే మేలు. 1988లో చెన్నైలో ఏర్పడిన సంస్థ అది. వాళ్ల నియమావళి పెద్దది, మొత్తం మీకు అక్కర్లేదు. గేమ్ అంటే 25 పాయింట్లు లేదా 8 బోర్డులు, ఏది ముందు పూర్తయితే అది. ఇక్కడ బోర్డు అంటే ఒక జట్టు తన కాయిన్లన్నీ వేసేదాకా సాగే ఒక విడత ఆట. బోర్డు గెలిచిన జట్టుకు ఎదుటివారి కాయిన్లు ఎన్ని మిగిలితే అన్ని పాయింట్లు. క్వీన్‌ను కవర్ చేసింది కూడా ఆ జట్టే అయితే మరో 3. క్వీన్ కవర్ చేసి కూడా బోర్డు ఓడిన జట్టుకు ఏమీ రాదు, గెలిచినవారికీ ఆ మూడు రావు. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు.

తగవు వచ్చేది 22 దగ్గర. 21 పాయింట్ల వరకే క్వీన్‌కు విలువ. మీరు 21లో ఉండి, ఎదుటివారి కాయిన్ ఒకటి మిగలగా క్వీన్ కవర్ చేసి బోర్డు గెలిస్తే 21కి 1, దానికి 3, మొత్తం 25, గేమ్ మీది. అదే మీరు 22లో ఉంటే 23 మాత్రమే అవుతుంది. ఈ సంగతి తెలియని జట్టు గెలిచామనుకుని చేతులు కలిపి లేచిపోతుంది, తెలిసిన జట్టు కూర్చునే ఉంటుంది. ఇక చూడండి సందడి! కాగితంలో ఈ ఉదాహరణను ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టండి. నియమం చదివితే ఎక్కదు, లెక్క చూపిస్తే ఎక్కుతుంది.

క్వీన్ గురించి ఇంకో మూడు వాక్యాలు రాయండి. సొంత కాయిన్ కనీసం ఒకటి వేశాకే క్వీన్ మీద హక్కు. క్వీన్ పడ్డ వెంటనే ఆడే దెబ్బకు సొంత కాయిన్ పడితేనే కవర్, లేకపోతే క్వీన్ తిరిగి మధ్యకు వస్తుంది. ఒకే దెబ్బకు క్వీన్, సొంత కాయిన్ రెండూ పడితే కవర్ అయినట్టే. ఏది ముందు పడిందన్న చర్చ పెట్టకండి. రెండు పాకెట్లలో రెండు కాయిన్లు ఒకేసారి పడుతుంటే కళ్లతో తేల్చగలిగినవారు నాకు ఇంతవరకు తారసపడలేదు.

బొటనవేలు: సమాఖ్య నియమాల్లో ఏ వేలితోనైనా కొట్టవచ్చు, బొటనవేలితో కూడా. కాబట్టి ఆ ఫిర్యాదు చెల్లదు. నిజానికి అక్కడ గమనించాల్సింది వేలిని కాదు, దెబ్బనా తోపా అన్నదాన్ని. స్ట్రైకర్‌ను కొట్టాలి, వేలితో కొంతదూరం తోసుకుంటూ తీసుకువెళ్లకూడదు. బొటనవేలితో ఆడేవారిలో కొందరికి తెలియకుండానే ఈ తోసే అలవాటు ఉంటుంది, చూపుడువేలితో ఆడేవారిలో కూడా ఉంటుంది. "మీరు బొటనవేలు వాడుతున్నారు" అంటే అవమానంగా ఉంటుంది. "స్ట్రైకర్ తోసినట్టు అనిపించింది, చూసుకోండి" అంటే చాలామంది సర్దుకుంటారు.

స్ట్రైకర్: గరిష్ఠ బరువు 15 గ్రాములు, వ్యాసం 4.13 సెంటీమీటర్లు. లోహపు స్ట్రైకర్లు, దంతపువి నిషేధం. మా క్లబ్బులో ఒకసారి ఈ బరువు గొడవ ముదిరి ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు. అప్పుడు మా సభ్యుల్లో బంగారం కొట్టు ఉన్న ఒకాయన వచ్చే ఆదివారం చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు తెచ్చి టీ కప్పుల పక్కన పెట్టారు. అందరూ వరుసగా వచ్చి తమ స్ట్రైకర్లు తూచుకున్నారు. బరువెక్కువని అందరూ వేలెత్తి చూపిన స్ట్రైకర్ సరిగ్గానే ఉంది. ఫిర్యాదు చేసినాయన సొంత స్ట్రైకర్ మాత్రం గ్రాముకు పైగా ఎక్కువ తూగింది! ఎవరూ ఏమీ అనలేదు. ఆయనే నవ్వేసి జేబులో వేసుకున్నారు. అప్పటి నుంచి మాది ఒకటే పద్ధతి: సీజన్ మొదట్లో ఒకసారి తూకం, సరిపోయినవాటి అంచుకు మార్కర్‌తో చిన్న చుక్క. మీరూ అలాగే చేయండి, ఖర్చు లేని పని.

ఫైన్ గురించి కూడా తప్పకుండా రాయాలి. స్ట్రైకర్ పాకెట్‌లో పడితే ఒక కాయిన్ ఫైన్, అంటే వేసిన కాయిన్ ఒకటి తిరిగి బోర్డు మీదికి రావాలన్నది అందరికీ తెలుసు. స్ట్రైకర్‌తో పాటు సొంత కాయిన్ కూడా పడితే ఏమిటి? ఒక వీధిలో పడిన కాయిన్, ఫైన్ కాయిన్ రెండూ బోర్డు మీద పెట్టి, కొట్టినవారినే మళ్లీ కొట్టనిస్తారు. పక్క వీధిలో రెండూ తీయడమే కాక వంతు కూడా పోతుంది. నేనైతే మొదటి పద్ధతి రాస్తాను. మీరు ఏది రాసినా ఫరవాలేదు, రాయకుండా వదిలితేనే చిక్కు. ఫైన్ కాయిన్‌ను పెట్టేది ప్రత్యర్థి, బోర్డు నడిమి పెద్ద వలయం లోపల. అది కూడా రాయండి. ఫైన్ పెట్టేటప్పుడు కాయిన్‌ను ఇంకో కాయిన్ వెనకాల దాచి, వేలితో ఒత్తి సర్దడం కొందరికి కళ. పెట్టి చెయ్యి తీయాలి, తీశాక మళ్లీ ముట్టకూడదు.

కాగితం ఇంతకంటే పెద్దదైతే ఎవరూ చదవరు. ఒకే పేజీ, పెద్ద అక్షరాలు, బోర్డుల గదిలో గోడకు అంటించండి. సీజన్ మధ్యలో ఏ నియమమూ మార్చకండి. అది తప్పు నియమమని తేలినా సరే, సీజన్ అయ్యాకే మార్చాలి.

ఇక రెండో విషయం. మీకు అసలు ఉపయోగపడేది ఇదే అనుకుంటున్నాను.

క్యారమ్‌లో ఎదుటివారికి కనిపించని ఫౌల్స్ చాలా ఉంటాయి. స్ట్రైకర్‌ను బేస్ లైన్ల (కొట్టేముందు దాన్ని పెట్టే జంట గీతల) మధ్య సర్దుకుంటున్నప్పుడు చిటికెనవేలు పక్క కాయిన్‌కు తగులుతుంది. ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుంటే మణికట్టు దగ్గరి బొత్తం కాయిన్‌ను రవ్వంత జరుపుతుంది. స్ట్రైకర్ ఆ గీతల చివరి ఎర్రచుక్కను సగం కప్పి ఉంటుంది, పూర్తిగా కప్పాలి లేదా అసలు తాకకూడదు. ఎదుట కూర్చున్నవారికి మీ చెయ్యి అడ్డం. పక్కన కూర్చున్నవారి చూపు పాకెట్ మీద. తెలిసేది ఒక్క మీకే, మీ వేలి చర్మానికి తెలుస్తుంది. అందుకే మొదట చెప్పాల్సింది కొట్టినవారే అన్నాను. ఇది మంచితనం గురించి మాట కాదు, సాక్షి ఇంకెవరూ లేరు కాబట్టి.

ఆటల్లో ఈ పద్ధతి కొత్త కాదు. శీతాకాల ఒలింపిక్స్‌లో 1998 నుంచి పతకాల క్రీడగా ఉన్న కర్లింగ్ చూశారో లేదో. దాదాపు 20 కిలోల గ్రానైట్ రాయిని మంచు మీద జారవిడిచి, ముందు చీపుర్లతో మంచు తుడుస్తూ గుండ్రటి గురివైపు నడిపిస్తారు. మంచు దేశాల్లో వారాంతపు లీగుల్లో దాన్ని అంపైర్ లేకుండానే ఆడుకుంటారు. కదులుతున్న రాయికి చీపురు గానీ కాలు గానీ తగిలితే, తగిలించినవారే వెంటనే ఒప్పుకోవాలి. రాయి గురి దగ్గరికి వచ్చాక అలా తగిలితే రాళ్లన్నీ ఆగేదాకా చూస్తారు. ఆ రాయిని తీసేయాలా, ఉన్నచోటే ఉంచాలా, తగలకపోతే ఎక్కడ ఆగేదో అక్కడ పెట్టాలా అని నిర్ణయించేది ఎదుటి జట్టు నాయకుడు. నాకు బాగా నచ్చింది ఈ రెండో భాగం. ఒప్పుకోవడం ఒకరి వంతు, ఏం చేయాలో చెప్పడం ఇంకొకరి వంతు. ఇద్దరికీ పని ఉంది కాబట్టి అరుపులకు చోటు లేదు.

మా లీగులో అదే పెట్టుకున్నాం: చెయ్యి తగిలి కాయిన్ కదిలితే తగిలించినవారు "కదిలింది" అని చెప్పాలి. దాన్ని వెనక్కి పెట్టాలా, ఉన్నచోటే ఉంచాలా అన్నది ఎదుటి జట్టు చెబుతుంది. ఫైన్ లేదు, వంతు పోదు. శిక్ష లేకపోవడం ఇక్కడ ముఖ్యం. ఒప్పుకున్నవారికి శిక్ష వేస్తే ఎవరు ఒప్పుకుంటారు చెప్పండి? ఇది సమాఖ్య నియమం కాదు, మా ఏర్పాటు. టోర్నమెంటుకు వెళ్లేవారికి ఆ తేడా చెప్పి పంపండి.

ఒక గేమ్ చివర్లో ఇద్దరూ 23 దగ్గర ఉండగా, పోస్టాఫీసులో చేసి రిటైరైన ఒక పెద్దాయన స్ట్రైకర్ పెడుతూ ఆగిపోయి "కదిలిందండీ, మీ నల్లది" అన్నారు. చుట్టూ పదిమంది ఉన్నాం, ఒక్కరం కూడా చూడలేదు. ఎదుటి కుర్రాడు కాయిన్‌ను చూసి, పెద్దాయనను చూసి, దాన్ని పాకెట్ మూతికి దగ్గరగా జరిపాడు. ముందున్న చోటు అది కాదని అందరికీ అనుమానమే. పెద్దాయన మాత్రం మారుమాట లేకుండా తన దెబ్బ ఆడారు, ఓడిపోయారు. ఆ కుర్రాడిని మేమెవరం ఏమీ అనలేదు. అతని జోడీ మాత్రం తర్వాతి వారం వేరే భాగస్వామి కావాలని నా దగ్గరికి వచ్చాడు. సర్ది చెప్పి పంపడానికి చాలా తంటాలు పడ్డాను.

ఎదుటివారికి అనుమానం వస్తే? అడగవచ్చు, కానీ అడిగే తీరు ఒకటుంది. "తగిలిందాండీ?" అని అడగాలి, "తగిలింది" అని ప్రకటించకూడదు. కొట్టినవారు లేదంటే లేదు, ఆట సాగాలి. ఇక్కడే చాలామంది నన్ను నిలదీస్తారు: అబద్ధం చెబితే ఏమిటని. చెబుతారు, కొందరు. మా లీగులోనూ ఒకాయన ఉండేవారు, చెయ్యి మంచిది, నోటి నుంచి మాత్రం "కదిలింది" అన్న మాట ఎప్పుడూ రాదు. ఆట మధ్యలో ఆయనను నిలదీసి ఉంటే రభస అయ్యేది. ఆయన జోడీతో టీ దగ్గర విడిగా మాట్లాడాను. తర్వాత ఏమైందో తెలియదు గానీ ఆయన ఫుల్ హ్యాండ్స్ చొక్కా మడిచి కూర్చోవడం మొదలుపెట్టారు. అంతవరకు చాలనుకున్నాను. ఒకరు దొంగాట ఆడినంత మాత్రాన అందరి మీదా కాపలా పెట్టకండి.

ఇద్దరికీ నిజంగా తేలని విషయమైతే, ఉదాహరణకు కాయిన్ పాకెట్ అంచున నిలబడి తర్వాత దానంతట అదే పడితే, పక్క బోర్డువారిని పిలవకుండా నాణెం ఎగరేయండి. పది సెకన్లలో తేలిపోతుంది, ఎవరి మీదా కోపం ఉండదు.

ఇక కూర్చునే తీరు, మాట తీరు. కుర్చీ జరపకూడదు, లేచి వంగి కొట్టకూడదు. ఒక దెబ్బకు 15 సెకన్లని నియమావళిలో ఉంది. మీరు గడియారం పట్టుకోకండి, మరీ ఆలస్యమైతే ఎదుటివారు ఒకసారి "టైమ్" అంటే చాలు. డబుల్స్‌లో భాగస్వామికి సైగలు, దగ్గులు, "అటు కట్ ఉంది చూడు" లాంటి సలహాలు కూడదు. దీని మీద కొంచెం పట్టుదలగా ఉండండి. బోర్డు మీద వేళ్లతో తాళం వేయడం, ఎదుటివారు గురి చూస్తుండగా పౌడర్ చల్లడం, ఫోను మాట్లాడటం, ఇవన్నీ ఒకే కోవ.

ఆటగాళ్ల కంటే చూసేవారితోనే నాకు ఎక్కువ తలనొప్పి వచ్చింది. మనవాళ్లకు బోర్డు వెనక నిలబడితే చాలు, సలహా పొంగుకొస్తుంది. "అబ్బా, రీబౌండ్ కొట్టి ఉంటే పడేది" అంటారు. పడేదేమో! నిలబడి చూసేవారికి అన్నీ పడతాయి. ప్రేక్షకుల కుర్చీలను బోర్డుకు నాలుగడుగుల దూరంలో వేయించండి. నిలబడి చూడటం వద్దనండి. నియమం రాయడం కంటే కుర్చీ దూరంగా వేయడం బాగా పనిచేస్తుంది.

మధ్యలో లేచి వెళ్లిపోయిన జట్టు సంగతి అడిగారు. రెండు విషయాలు వేరు చేయాలి. ఓటమి ఖాయమని తెలిసి, చివరి బోర్డులో ఎదుటివారితో చేయి కలిపి "గేమ్ మీది" అనడం తప్పు కాదు. కర్లింగ్‌లోనూ గెలిచే దారి లేనప్పుడు చేతులు కలిపి ముగించడం మర్యాదే. అలిగి వెళ్లిపోవడం వేరు. దానికి ఇలా రాయండి: ఎదుటి జట్టుకు 25, వెళ్లిన జట్టుకు అప్పటికి ఎంత వచ్చిందో అంతే. రెండోసారి అలాగే వెళితే ఆ సీజన్‌లో మిగిలిన ఆటలు లేవు. మొదటిసారికి క్షమాపణ అడిగించకండి, పది మంది ముందు అసలే వద్దు. వచ్చే ఆదివారం వాళ్ల పేరు షెడ్యూల్‌లో మామూలుగా పెట్టండి, వస్తారు.

షెడ్యూల్ అంటే గుర్తొచ్చింది. పన్నెండు జట్లు అందరితో అందరూ ఆడాలంటే 66 గేములు. మీకు మూడు బోర్డులున్నాయని రాశారు. సాయంత్రానికి బోర్డుకు రెండు గేముల చొప్పున పదకొండు వారాలు పడుతుంది. అంతకాలం ఎవరి ఉత్సాహమూ నిలవదు, అలసిన చోట గొడవలు ఎక్కువ. ఆరేసి జట్ల రెండు గుంపులు చేయండి, 30 గేములతో ఐదు వారాల్లో తేలిపోతుంది, తర్వాత సెమీఫైనల్స్. ఒక్కో గుంపులో గట్టి జట్లు, కొత్తవారు సమానంగా ఉండేలా చూడండి. భార్యాభర్తల జోడీలు, పిల్లలు ఉంటే గుంపులు చీటీలు తీసి వేయకండి, మీరే కూర్చుని వేయండి.

చిన్న సంగతులు. ఏప్రిల్, మే నెలల్లో మన కర్నూలు ఎండకు ఆరు లోపు మొదలుపెట్టకండి, చెమట చేతులతో స్ట్రైకర్ జారుతుంది, చిరాకు పెరుగుతుంది. బల్బు బోర్డు నడిమికి సరిగ్గా పైన వేలాడాలి, పక్క నుంచి వెలుతురు పడితే చేతి నీడలో గీత కనిపించదు, ఆ నీడలోనే సగం అనుమానాలు పుడతాయి. వానాకాలంలో పౌడర్ ముద్దకడుతుంది, బోర్డును పొడి గుడ్డతో తుడిచి కొత్తగా చల్లండి. చాలామంది వాడేది బోరిక్ పౌడర్ కాబట్టి చిన్నపిల్లల చేతికి అందనివ్వకండి, నోట్లో పెట్టుకుంటే ప్రమాదం.

బహుమతి డబ్బు రూపంలో వద్దు. ఎంట్రీ ఫీజు టీ ఖర్చుకు, పౌడర్‌కు సరిపోయేంత ఉంటే చాలు. పందేలు మాత్రం ఎంత చిన్నవైనా ఒప్పుకోకండి, గేమ్‌కు పది రూపాయలు కూడా. "కదిలింది" అని చెప్పడం అప్పటిదాకా తేలిక. పది రూపాయలు పక్కన పెట్టాక, చెప్పేవారిని వాళ్ల జోడీయే ఆపుతుంది. మా దగ్గర ఒక సీజన్ ఇలాగే చెడింది, దాన్ని మళ్లీ దారిలో పెట్టేసరికి సగం జట్లు మానేశాయి.

మీ కాగితం తయారయ్యాక ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. ముఖ్యంగా స్ట్రైకర్‌తో పాటు కాయిన్ పడినప్పుడు వంతు ఎవరిదన్నది రాశారో లేదో ఒకసారి సరిచూసుకోండి, అందరూ మరిచిపోయేది అదే.